సేల్స్‌మన్ నోటిమాట, బిల్లు మీది రాత

అందరికీ నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ షోరూముల్లో పచ్చి అబద్ధం ఆడేవాళ్లు తక్కువ. అక్కడ నడిచేది సగం మాట. "కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ సార్" అంటాడు. నిజమే. మిగతా సగం వారంటీ కార్డులో, భూతద్దం పెడితే గానీ కనిపించని అక్షరాల్లో ఉంటుంది. డబ్బు కట్టకముందు ఆ సగాన్ని అవతలివాళ్ల చేత ఎలా రాయించుకోవాలి, తేడా వస్తే ఆ రాతను ఎక్కడ వాడుకోవాలి అన్నదే ఈ రోజు మన విషయం.

ఏసీతో మొదలుపెడతాను. మాయ ఎక్కువగా జరిగేది అక్కడే. పదేళ్ల వారంటీ కంప్రెసర్ అనే ఒక్క భాగానికి. మొత్తం యంత్రానికి సాధారణంగా ఉండేది ఏడాది. ఇన్వర్టర్ ఏసీ రెండో వేసవిలో మొరాయిస్తే అనుమానించాల్సింది ముందు అవుట్‌డోర్ యూనిట్‌లోని పీసీబీని, అంటే సర్క్యూట్ బోర్డును, లేదంటే గ్యాసు తిరిగే కాయిల్‌కి చిల్లుపడి గ్యాస్ లీకవడాన్ని. కంప్రెసరే పోయిందనుకోండి, ఆ భాగం ఉచితంగా ఇచ్చి గ్యాసు, కూలీ, రవాణా ఖర్చులు మన నెత్తిన వేయడానికి చాలా వారంటీ కార్డుల్లో వీలుంటుంది. అందుకని షోరూములో నాలుగు ప్రశ్నలు వేయండి. పీసీబీకి ఎన్నేళ్లు? కాయిల్‌కి ఎన్నేళ్లు? గ్యాసు ఖర్చు ఎవరిది? కూలీ ఎవరిది? జవాబు వచ్చాక, "ఇదే బిల్లు మీద రాసి స్టాంపు వేయండి" అనండి. అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి మేనేజరు కోసం వెతుకుతాడు.

"ఫ్రీ ఇన్‌స్టలేషన్" కూడా ఇలాంటిదే. పెట్టెలో వచ్చే రాగి పైపు సాధారణంగా 3 మీటర్లు. అవుట్‌డోర్ యూనిట్ మేడమీద పెట్టాలంటే అదనపు పైపుకు మీటరు లెక్కన, స్టాండుకు, గోడకు రంధ్రం వేసినందుకు, డ్రెయిన్ పైపుకు విడివిడిగా వసూలు చేస్తారు. కంపెనీ రేటు పట్టిక ముందే అడిగి తీసుకోండి. బిగించేటప్పుడు పక్కన నిలబడి ఒక్క పని చూడండి. పైపులు కలిపాక వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలిని, తేమను లాగేయాలి. దీనికి 15, 20 నిమిషాలు పడుతుంది. తొందరలో ఉన్నవాడు యూనిట్‌లోని గ్యాసునే కాస్త వదిలి, పైపులోని గాలిని బయటికి తోసేసి అయిందనిపిస్తాడు. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారుతుంది, మెల్లగా కంప్రెసర్ చుట్టల్ని తినేస్తుంది. అది బయటపడేసరికి మొత్తం యంత్రానికున్న ఏడాది వారంటీ దాటిపోయి ఉంటుంది.

తర్వాతి వేసవిలో వినిపించే మాట "గ్యాస్ అయిపోయింది". ఏసీలో గ్యాసు పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ఎక్కడో చూపించమనండి. పైపులు కలిసేచోట ఉండే ఫ్లేర్ నట్ల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు తెలిసిపోతాయి. లీకు మూయకుండా గ్యాసు నింపితే ఆ డబ్బు గాల్లో కలిసినట్టే. ఎంత గ్యాసు పట్టాలో అవుట్‌డోర్ యూనిట్ ప్లేటు మీద గ్రాముల్లోనో కిలోల్లోనో ముద్రించి ఉంటుంది. కాటా పెట్టి తూచి నింపమనండి. అన్నట్టు, వీటన్నిటికంటే ముందు ఫిల్టరు తీసి కడిగి చూడండి. చల్లదనం తగ్గిందన్న ఫిర్యాదుల్లో కొన్ని అక్కడే తీరిపోతాయి.

స్టార్ లేబుల్ మీద కూడా ఒక కన్నేయండి. నక్షత్రాల లెక్కను కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ బీఈఈ ఎప్పటికప్పుడు కఠినం చేస్తుంది. 2022 జులైలో ఏసీలకు మార్చినప్పుడు పాత 5 స్టార్ కొత్త లెక్కలో 4 స్టార్ అయింది. లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతుందో అచ్చువేసి ఉంటుంది. సీజన్ చివర్లో అమ్మే "బంపర్ ఆఫర్" ఏసీల్లో మొదట చదవాల్సింది ఆ తేదీని.

ఇక సర్వీసు. ఫిర్యాదు పెట్టాక, పని పూర్తయ్యాక టెక్నీషియన్‌కి చెప్పాల్సిన కోడ్ ఒకటి మన ఫోనుకు పంపే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. హ్యాపీ కోడ్ అని దానికి ముద్దుపేరు. టెక్నీషియన్ వచ్చి, మూత విప్పి చూసి, "పార్ట్ ఆర్డర్ పెట్టాలి మేడమ్, ఆ ఓటీపీ చెప్పండి, ఆర్డర్ వెళ్లిపోతుంది" అంటాడు. చెప్పారా, ఫిర్యాదు పరిష్కారమైనట్టు కంప్యూటర్లో మూసుకుపోతుంది. ఫిర్యాదును ఎన్ని గంటల్లో ముగించారన్నదే సర్వీసు సెంటర్ పనితీరుకు కొలత, అందుకే ఆ తొందర. మీరు మళ్లీ ఫోన్ చేస్తే కొత్త నంబరు, కొత్త ఫిర్యాదు. దీనివల్ల అసలు నష్టం తర్వాత తెలుస్తుంది. వస్తువు మార్చి ఇమ్మని అడిగే రోజున మన చేతిలోని బలమైన సాక్ష్యం, ఒకే లోపానికి ఎన్నిసార్లు రిపేరు చేశారన్న చరిత్ర. కోడ్ ఇచ్చిన ప్రతిసారీ ఆ చరిత్రలో "పరిష్కరించబడింది" అని మనమే రాయించినట్టవుతుంది. యంత్రం నడిచి, మీరు కళ్లారా చూసేదాకా కోడ్ చెప్పకండి. జాబ్ షీటు మీద "పార్ట్ రావాలి, పని మిగిలి ఉంది" అని రాయించి, ఫొటో తీసుకోండి. మార్చిన పాత భాగాన్ని చూపించమనండి.

ఫోన్ సర్వీసు సెంటర్లో ఇంకో గొడవ. లోపలికి తీసుకెళ్లి పది నిమిషాల్లో వచ్చి "లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు" అంటారు. కౌంటర్‌లో ఇచ్చే ముందే ఆరు వైపులా ఫొటోలు తీయండి. ఐఎంఈఐ నంబరు, గీతలు, సొట్టలు ఉన్నవీ లేనివీ జాబ్ షీటులో ఎక్కించండి. తడి తగిలిందంటే లోపలి సూచిక స్టిక్కరు తెలుపు నుంచి ఎరుపుకు మారుతుంది, దాని ఫొటో అడగండి. నిరాకరణను కాగితం మీద ఇమ్మనండి. ఫోనులో చెప్పే "కుదరదు సార్" రేపు ఎక్కడా సాక్ష్యంగా నిలవదు.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. కంపెనీ పేరుతో దొంగ నంబర్లు పెట్టి, స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించి ఖాతా ఊడ్చే ముఠాలు ఉన్నాయి. వారంటీ కార్డు మీది నంబరే వాడండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్పెసిఫికేషన్ల కనికట్టు ఒక్క ఉదాహరణతో చెప్పి వదిలేస్తాను. పవర్ బ్యాంక్ మీద పెద్దక్షరాల్లో 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది లోపలి సెల్స్‌కి, 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 74 వాట్ అవర్లు. ఫోనుకు వచ్చేది 5 వోల్టుల్లో. భాగిస్తే 14,800. మార్పిడిలో పోయేది తీస్తే 12,000 చిల్లర. వెనకవైపు చిన్నక్షరాల్లో "రేటెడ్ కెపాసిటీ" అని రాసేది ఇదే. 8 జీబీకి స్టోరేజీలోంచి ఇంకో 8 జీబీ కలిపి 16 అని చెప్పే వర్చువల్ ర్యామ్, స్పీకర్ల మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి), అన్నీ ఈ కోవలోవే. స్పీకర్‌కి ఆర్‌ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇచ్చే శక్తి, ఎన్నో అడగండి, చాలు.

నో కాస్ట్ ఈఎంఐ మీద కాస్త ఆగుదాం. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు తేల్చిచెప్పింది. ఇప్పుడు జరిగేది ఇది. 30,000 ఫోను, 6 నెలలు, నెలకు 5,000. బ్యాంకు 15 శాతం వడ్డీ వేస్తే లోపల వడ్డీ దాదాపు 1,270 రూపాయలు. అంత మొత్తాన్ని ముందే డిస్కౌంటుగా చూపిస్తారు, కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు 229 రూపాయలు, మనమే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే జీఎస్టీతో 235. వెరసి 460 పైచిలుకు. అదేం పెద్ద మొత్తం కాదు, నిజమే. అయితే ఒకేసారి కట్టేవాళ్లకు ఇచ్చే తగ్గింపు కూడా ఇందులో పోతుంది. ఆ తగ్గింపు ఎంతో అడిగి, రెండూ కూడి చూసుకోండి. షోరూములోనే ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు ట్యాబ్‌లో లోను చేస్తుంటే, సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోను వడ్డీ, ఛార్జీలన్నీ ఒక్కచోట చూపే కాగితం, చూపించమనండి. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి కొత్త రిటైల్ లోన్లకు ఇది తప్పనిసరి. అందులో లేని ఛార్జీని మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా వేయకూడదు. అడగని ఇన్సూరెన్సు, హెల్త్ కార్డు ఈఎంఐలో దూరేది ఈ దశలోనే.

ఆన్‌లైన్‌లో అదే పని ముందే టిక్ పెట్టిన డబ్బా చేస్తుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ముందే టిక్ పెట్టి మన సమ్మతి తీసుకోకూడదు. చెప్పకుండా బుట్టలో సరుకు కలపడం, "ఇంకా 2 మాత్రమే ఉన్నాయి" అని దొంగ హడావిడి చేయడం వంటి 13 రకాల టక్కులను 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పేర్లుపెట్టి నిషేధించింది. పార్సిల్ విషయంలో మాత్రం నిబంధన కన్నా వీడియో పని చేస్తుంది. లేబుల్‌తో మొదలుపెట్టి, ఆరు వైపులా టేపు చూపించి, కోసి, సీరియల్ నంబరు కనిపించేదాకా కట్ చేయకుండా ఒకే వీడియో తీయండి. ఓపెన్ బాక్స్ డెలివరీ అయితే పెట్టె తెరిచి చూశాకే ఓటీపీ. "రిటర్న్ లేదు, రీప్లేస్‌మెంట్ మాత్రమే" అని పేజీ మీద రాసి ఉన్నా, లోపమున్న వస్తువునూ, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువునూ వెనక్కి తీసుకోననే హక్కు అమ్మకందారుకు లేదు. ప్లాట్‌ఫామ్ గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో తేల్చాలి.

దుకాణాల్లో బిల్లు కింద "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని అచ్చేస్తుంటారు. లోపమున్న సరుకు విషయంలో ఆ వాక్యం చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) ప్రకారం బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. జీఎస్టీ మిగులుతుందని బిల్లు వద్దనేవాళ్లు ఈ రక్షణ మొత్తాన్నీ వదులుకుంటున్నారు.

కంపెనీ పలకకపోతే ముందు 1915. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు, కానీ దానికి ఆదేశాలిచ్చే అధికారం లేదు. ఆదేశం కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన ధర 50 లక్షల లోపైతే అక్కడే, 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు అక్కర్లేదు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచి దాఖలు చేయొచ్చు. సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లే గడువు. బిల్లు, జాబ్ షీట్లు తేదీల వరసలో, ఈమెయిళ్లు, లోపం కనిపించే వీడియో జతచేయండి. అమ్మిన దుకాణాన్నీ, తయారీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేరిస్తే తప్పు రెండోవాళ్లదని తప్పించుకుంటారు. అవతలివాళ్లకు జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. లోపం ల్యాబులో తేల్చాల్సి వస్తే 5 నెలల్లో, లేకపోతే 3 నెలల్లో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం. ఆచరణలో ఎక్కువే పడుతుంది, అది దాచి లాభం లేదు.

గెలిచాక కంపెనీ అప్పీలుకు వెళ్లాలంటే ఆదేశించిన మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలూ లేదు, డబ్బూ కట్టలేదంటే అదే కమిషన్లో ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి. ఆదేశం పాటించనివాళ్లకు సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.