బ్యాటరీ రెడీగానే ఉంది, మన ఇంటి ఎర్తింగే లేదు

ఐటీఐ తమ్ముళ్లకు, ఎలక్ట్రీషియన్ అన్నలకు అందరికీ నమస్తే. హన్మకొండల ఎవరు కలిసినా ఒకటే అడుగుతున్నరు, అన్నా చిన్న కరెంటు కారు తీస్కోవచ్చా, బ్యాటరీ ఆగుతదా అని. ఆగుతది. 2010 సంవత్సరంల లిథియం బ్యాటరీ ప్యాకు, ఒక యూనిట్ (కిలోవాట్ అవర్) కరెంటు పట్టేదానికి వెయ్యి డాలర్ల పైనే ఉండె, 2024 కల్లా సగటున 115 డాలర్లకు దిగింది, అంటే నా టాటా టియాగో కరెంటు కారుల ఉన్న 24 యూనిట్ల బ్యాటరీకి ఇయ్యాల్టి డాలర్ రేటుతోని లెక్క కడితే 2010 రేటుకు 20 లక్షల పైనే, 2024 రేటుకు రెండున్నర లక్షల కాడికే. వారంటీ 8 ఏండ్లు. ఇగ ఎండ సంగతంటరా, మేల మనకు 44, 45 డిగ్రీలు కొడ్తది, లిథియంలనే ఐరన్ ఫాస్ఫేట్ రకం సెల్లు నికెల్ రకం సెల్లు కంటే వేడికి బాగ తట్టుకుంటయ్, కోబాల్ట్ ఉండదు కాబట్టి చవక కూడ, బరువే జర ఎక్కువ.

నాకు ఇబ్బంది వచ్చింది బ్యాటరీతోని కాదు, ఇంటి గోడతోని. కారు తెచ్చిన రాత్రి 16 యాంప్ సాకెట్ల ప్లగ్ పెట్టిన, ఛార్జర్ మీద ఎర్ర లైటు, ఎక్కుతనే లేదు. పొద్దుగాల ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి టెస్ట్ ల్యాంపు ఒక వైరు ఫేజుకు ఒక వైరు ఎర్తుకు పెట్టిండు, బల్బు వెలగలే, అంటే లీకయిన కరెంటును భూమిలకు పంపే ఎర్తే లేదు, అది లేకుంటే ఛార్జర్ ఎక్కనియ్యదు. సాకెట్ ఇప్పి చూస్తే ఆకుపచ్చ వైరు ఎనక ముడేసి వదిలేసి ఉంది. ఇన్నేండ్లు ఫ్రిజ్జు, గీజరు అట్లనే నడిచినయ్, మా పిల్లలు అదే గీజరు కింద స్నానం చేసిండ్రు, తలుసుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటది. పెరట్ల గుంత తవ్వి రాగి ప్లేటు దింపి బొగ్గు, ఉప్పు పోసి తడిపి, ఆకుపచ్చ వైరు దానికి కలిపినంక ఛార్జింగ్ ఎక్కింది. ఎండకాలం ఆ గుంతల వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్త.

రాత్రి పెడితే తెల్లారేసరికి ఫుల్, ఏసీ వేస్కొని 180 కిలోమీటర్ల దాక పోతది, హైదరాబాద్ 145యే కదా.

కిరాయికి ఉండేటోళ్లకే కష్టం, ఓనర్‌ను గుంత తవ్వమని ఎట్లడుగుతరు. పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉండే మామూలు హైబ్రిడ్ కారు అయితే ప్లగ్ పనే లేదు, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీ ఒక్క యూనిట్ కూడ పట్టదు, బ్రేకులు కొట్టినప్పుడు, ఇంజిన్ నడిచినప్పుడు అదే నింపుకుంటది, కానీ ఆ రేటు చిన్న కారు కొనేటోనికి అందదు.

అందుకే మిమ్మల్నే అడుగుతున్న. కొత్త ఇల్లు వైరింగ్ పట్టినప్పుడు బండి పెట్టే జాగల ఒక 16 యాంప్ పాయింటు పెట్టండి, దానికి 4 స్క్వేర్ ఎంఎం వైరు సపరేటుగ లాగండి, ఓనర్ అడగకపోయినా ఎర్తు కలపండి. టెస్ట్ ల్యాంపు తెచ్చిన, ముందు ఈ హాల్ సాకెట్లే చూద్దం, ఇద్దరు తమ్ముళ్లు ఇటు రండి.