మనిషినే బొమ్మగా ఆడించడం: ప్రమోద్ పతి పిక్సిలేషన్

అందరికీ నమస్కారం.

ప్రయోగాత్మక లఘుచిత్రం అనగానే మనకు పారిస్, న్యూయార్క్ గుర్తొస్తాయి. ఈ రోజు మాత్రం ఒక ప్రభుత్వ సంస్థలో ఉంటూ మనిషినే బొమ్మలా ఆడించిన దర్శకుడు ప్రమోద్ పతి గురించి, ఆ పద్ధతి గురించి మాట్లాడదాం. ఆ సంస్థ ఫిల్మ్స్ డివిజన్. 1948లో మొదలైన ఆ సంస్థ తీసిన చిత్రాలను సినిమాహాళ్లలో అసలు ఆటకు ముందు తప్పనిసరిగా వేసేవారు. మన పెద్దవాళ్లు వాటిని న్యూస్‌రీళ్లనేవారు. ఆనకట్టలు, పంటలు, నాయకుల పర్యటనలు. తెర మీద ఏం చూస్తున్నామో, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఒక గంభీరమైన గొంతు చెబుతూ పోయేది.

అదే సంస్థలో ఉంటూ ప్రమోద్ పతి 1968లో 'ఎక్స్‌ప్లోరర్' తీశారు. సుమారు ఏడు నిమిషాల చిత్రం. ఆ గొంతు ఇందులో లేదు. శబ్దం, సంగీతం, దెబ్బ మీద దెబ్బలా పడే దృశ్యాలు, అంతే. అర్థం చెప్పేవాడు లేకపోయేసరికి ఆ పని ప్రేక్షకుడి మీద పడింది. నా దృష్టిలో అసలు ధిక్కారం అదే.

1972లో వచ్చిన 'ఆబిద్' ఇంకో అడుగు ముందుకేసింది. పతి చెకొస్లొవాకియాలో బొమ్మల యానిమేషన్ నేర్చుకున్నవారు. చెక్కబొమ్మను ఎలా కదిలిస్తారో, చిత్రకారుడు ఆబిద్ సూర్తిని అలాగే ఫ్రేము ఫ్రేముకీ, అంటే ఒక్కో ఫొటోకీ కాస్త కాస్త జరుపుతూ, కదిలించారు. దీన్నే పిక్సిలేషన్ అంటారు. ఉన్నది ఉన్నట్టు చూపించాలనే డాక్యుమెంటరీ నియమాన్ని పక్కనపెట్టి, ఇందులో ప్రతి కదలికా కల్పించినదేనని ఒప్పుకునే పద్ధతి ఇది.

ఇది మీరూ చెయ్యొచ్చు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫొటోను రెండు ఫ్రేములపాటు ఉంచితే సెకనుకు 12 ఫొటోలు, నిమిషానికి 720. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మూడూ మాన్యువల్‌లో పెట్టండి. ఒక్కటి ఆటోలో మిగిలినా ఫొటో ఫొటోకీ స్పష్టతో వెలుగో రంగో మారిపోతూ ఉంటుంది. కిటికీ తెరలు దించెయ్యండి. 720 ఫొటోలు పూర్తయ్యేలోగా ఎండ గోడ మీద పాకిపోతుంది. ట్యూబులైటు కింద షట్టరు 1/50 సెకను పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతోపాటే లైటు వెలుగూ అల్లాడుతుంది కాబట్టి. కెమెరా స్టాండు కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. కాలు తగిలి స్టాండు జరిగితే అదే చోట మళ్లీ నిలబెట్టొచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది దూరం దగ్గర. మనిషి నిలబడ్డట్టే ఉండి నేల మీద జారిపోతున్నట్టు కనిపించాలంటే ఫొటోకి నాలుగు సెంటీమీటర్లు జరిపితే సెకనుకు 48 సెంటీమీటర్లు వస్తుంది. కానీ మొదటి ఫొటో నుంచే నాలుగేసి జరిపితే కదలికలో ప్రాణం ఉండదు. ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత నాలుగు. ఆగేటప్పుడు వెనక్కి ఇదే లెక్క.

గాల్లో తేలించాలంటే ఫొటోకో గెంతు. మనిషి బాగా పైకి లేచిన క్షణంలోనే బటన్ నొక్కాలి. అయిదు సెకన్లకు 60 గెంతులు. ఇరవయ్యో గెంతుకే మోకాళ్లు సడలి ఎత్తు తగ్గుతుంది, తెర మీద మనిషి కుంగిపోతున్నట్టు కనిపిస్తాడు. అందుకే పదేసి గెంతులకు ఒకసారి విశ్రాంతి ఇవ్వండి. చూపు ఒకే గుర్తు మీద నిలపమని ముందే చెప్పండి.

ఎంత జాగ్రత్తపడ్డా చొక్కా మడతలు, జుట్టు ప్రతి ఫొటోకీ కాస్త మారతాయి. ఆడించి చూస్తే బట్టలు వణుకుతున్నట్టుంటుంది. ఎడిటింగ్‌లో దాన్ని సరిదిద్దాలని చూడకండి. ఆ వణుకు ఉన్నంతసేపూ ఫొటోకీ ఫొటోకీ మధ్య ఎవరో మనిషిని జరిపారన్న సంగతి చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంటుంది.