ఒకే సముద్రం, ఒకే చేప, ఎన్నో పక్షులు: పంపకం ఎవరు చేస్తున్నారు?

నమస్కారం. వన్యప్రాణుల కార్యక్రమాలలో పదే పదే వినిపించే ఒక మాట నన్ను చాలాకాలంగా చికాకు పెడుతోంది. దగ్గరి జాతులకు చెందిన సముద్రపక్షులు ఒకే దీవిపై గూళ్ళు పెట్టుకొని, ఒకే జలాలలో వేటాడుతున్న దృశ్యాన్ని చూపించి, "తగవు రాకుండా ప్రకృతి వాటికి సముద్రాన్ని పంచి ఇచ్చింది" అని వ్యాఖ్యాత ఎంతో తృప్తిగా ముగిస్తారు. ఎవరూ పంచి ఇవ్వలేదు. పక్షులు ఏ ఒప్పందమూ చేసుకోలేదు.

ఈ ఆలోచన వెనుక 1934లో వెలువడిన రష్యన్ జీవశాస్త్రవేత్త గౌజ్ ప్రయోగ ఫలితాలు ఉన్నాయి. మీరు బడిలో చదివే ఉంటారు కనుక క్లుప్తంగా చెబుతాను. పారమీసియం అనే ఏకకణ జీవులలో రెండు జాతులను ఒకే గొట్టంలో, ఒకే ఆహారంపై పెంచినప్పుడు ఒకటి నిలిచింది, రెండవది నశించింది. ఒకే వనరుపై ఒకే తీరుగా ఆధారపడే రెండు జాతులు కలకాలం కలిసి మనలేవనే సూత్రం అక్కడ బలపడింది. సూత్రంతో నాకు పేచీ లేదు. కాని గొట్టంలో ఆహారం అంతటా ఒకేలా కలిసి ఉంటుంది. సముద్రంలో చేపల గుంపు ఈ పూట ఒకచోట ఉంటే మరుసటి పూటకు ఎన్నో కిలోమీటర్ల అవతల తేలుతుంది.

అందుకే గొట్టాన్ని పక్కన పెట్టి, ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్ళే దారిని ఊహించుకోండి. ఆ దారిలో ఆర్టీసీ బస్సూ, షేర్ ఆటో రెండూ ఒకే ప్రయాణికుల కోసం తిరుగుతాయి. అయినా ఒకటి రెండవదాన్ని పూర్తిగా తరిమివేయలేదు. బస్సు గిట్టుబాటు కావాలంటే పెద్ద స్టాపుల దగ్గర జనం గుంపుగా దొరకాలి. ఆటోకు నలుగురైదుగురు చాలు, వారు రెండు కిలోమీటర్లకే దిగిపోయినా నష్టం లేదు. ఎవరూ కూర్చొని ప్రయాణికులను పంచలేదు. బండి పరిమాణమూ, ఇంధనపు ఖర్చూ కలిసి ఆ పని చేశాయి. ఈ బస్సునూ ఆటోనూ నేను ఇంకా చాలాసేపు లాగుతాను, ఓపిక పట్టండి.

ఇప్పుడు పక్షుల దగ్గరకు వెళ్దాం. మన జలాశయాలలోనూ కనిపించే పెద్ద నీటికాకి, దాని దగ్గరి బంధువు షాగ్, బ్రిటన్ తీరంలో ఒకే ప్రాంతంలో ఉంటాయి. రెండూ నల్లగా ఉంటాయి, రెండూ మునిగి చేపలు పడతాయి, కొండచరియలపై గూళ్ళు పెడతాయి. ఇవి ఒకే తిండి తింటాయని జాలర్లే కాదు, పక్షి పరిశీలకులూ అనుకునేవారు. 1945లో బ్రిటిష్ పక్షి శాస్త్రవేత్త డేవిడ్ లాక్ వాటి ఆహారాన్ని పోల్చి చూపినప్పుడు అసలు సంగతి బయటపడింది. నీటికాకి లోతు తక్కువగా ఉన్న నదీముఖాలలో, రేవులలో అడుగును వెతుకుతూ చదునైన చేపలనూ రొయ్యలనూ ఎక్కువగా తింటోంది. షాగ్ మాత్రం బయటి సముద్రంలో శాండ్ ఈల్, స్ప్రాట్ అనే చిన్న చేపలను పడుతోంది. దూరం నుంచి చూసేవారికి రెండూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, ఎక్కించుకునే ప్రయాణికులు మాత్రం వేరు.

[తెరపై: దక్షిణ జార్జియా, బర్డ్ ఐలాండ్ పటం]

నాకు మరింత ఇష్టమైన ఉదాహరణ దక్షిణ అట్లాంటిక్‌లోని దక్షిణ జార్జియా దీవి పక్కనున్న బర్డ్ ఐలాండ్‌లో ఉంది. అక్కడ నల్లకనుబొమల ఆల్బట్రాస్, బూడిదతల ఆల్బట్రాస్ అనే పొడవు రెక్కల సముద్రపక్షులు పక్కపక్కనే గూళ్ళు పెడతాయి. రెండూ మూడు నాలుగు కిలోల పక్షులే. నల్లకనుబొమలది తీరానికి ఆనుకొని ఉన్న తక్కువ లోతు జలాలలో క్రిల్ అనే రొయ్యలాంటి చిన్న జీవులను, చేపలను ఎక్కువగా తెస్తుంది. బూడిదతలది అంటార్కిటికా చల్లని నీరు ఉత్తరపు వెచ్చని నీటిని కలిసే సరిహద్దు దాకా వెళ్ళి, ప్రధానంగా స్క్విడ్ అనే మెత్తని సముద్రజీవిని తెస్తుంది. స్క్విడ్‌లో శక్తి తక్కువ. మొదటిదాని పిల్ల సుమారు 116 రోజులలో ఎగిరిపోగా, రెండవదాని పిల్లకు సుమారు 141 రోజులు పడుతుంది. పిల్లను విజయవంతంగా పెంచిన బూడిదతల జంట సాధారణంగా మరుసటి ఏడాది గుడ్డు పెట్టదు. ఆహారపు తేడా కేవలం కడుపులో ఆగిపోలేదు, సంతానోత్పత్తి తీరు మొత్తంతో ముడిపడి ఉంది. పంచి ఇచ్చారనుకుంటే, ఈ పంపకంలో న్యాయం నాకైతే కనిపించడం లేదు.

ఉష్ణమండలంలో చిత్రం మారుతుంది. పసిఫిక్ మహాసముద్రంలోని కిరిటిమాటి దీవిలో టెర్న్ కుటుంబానికి చెందిన అయిదు రకాల సముద్రపక్షుల ఆహారాన్ని పక్షి శాస్త్రవేత్తలైన ఆష్‌మోల్ దంపతులు పరిశీలించి 1967లో ప్రచురించారు. వాటిలో నల్ల నాడీ అనే పక్షి దీవికి దగ్గరగా వేటాడుతుంది, గోధుమ నాడీ అనేది ఇంకొంచెం దూరం పోతుంది, సూటీ టెర్న్ తన పొడవైన రెక్కలపై తక్కువ శ్రమతో చాలా దూరం వెళ్ళి వస్తుంది. గూటిలో పిల్ల ఉన్న పక్షి తప్పక వెనక్కు రావాలి. ఖాళీగా వెనక్కు రావలసిన దూరాన్ని లెక్కవేసుకొని ఆటో డ్రైవరు సవారీ ఒప్పుకున్నట్టే, ఎంత దూరం పోతే గిట్టుతుందో ఆ పక్షి శరీరమే నిర్ణయిస్తుంది.

అయితే ఇవన్నీ నీటిపైపొరలోని చిన్న చేపలపై, స్క్విడ్‌పై ఆధారపడతాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని కింది నుంచి ట్యూనా చేపలు తరుముతూ పైకి తెస్తాయి. ట్యూనా గుంపు పైకి వచ్చిన చోట వేర్వేరు జాతుల పక్షులు కలిసి ఒకే చేపలను ఏరుకుంటాయి. ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్ ముగిసిన రాత్రిని తలచుకోండి: బస్సూ నిండుతుంది, ఆటో నిండుతుంది, ఎవరి ప్రయాణికులు ఎవరన్న ప్రశ్నే ఉండదు. తేడాలు తేలేది జనం పలచబడిన ఆదివారం ఉదయం. సముద్రంలోనూ పుష్కలంగా ఉన్నప్పుడు ఆహారాలు కలిసిపోవచ్చు, కొరత వచ్చినప్పుడు విడిపోవచ్చు. ఒకే ఋతువులో కొలిచి "ఇవి పంచుకుంటాయి" అనో "పంచుకోవు" అనో తీర్పు చెప్పేవారిని నేను అంత సులభంగా నమ్మను.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ఒకే జాతిలోనూ విభజన ఉంటుంది: బ్రిటన్, ఐర్లండ్ తీరాలలోని గానెట్ అనే పెద్ద సముద్రపక్షులను ఉపగ్రహ పరికరాలతో అనుసరించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పొరుగు స్థావరాల పక్షులు దాదాపు వేర్వేరు జలాలలో వేటాడినట్లు తేలింది. ఆటో అడ్డాలు గుర్తుకు వస్తాయి, కాని పోలిక ఇక్కడ తెగిపోతుంది, ఎందుకంటే సముద్రంలో ఆ జలాలకు ఎవరూ కాపలా కాయరు. పొరుగువారు ఇప్పటికే తిని పలచన చేసిన చోటుకు పోవడం గిట్టదు, అంతే. దక్షిణ జార్జియాలోని జెయింట్ పెట్రెల్ అనే పెద్ద సముద్రపక్షుల రెండు జాతులలో ఒకటి మరొకదానికంటే సుమారు ఆరు వారాల ముందే గుడ్డు పెడుతుంది. అంతకంటే విచిత్రం, మగవి ఒడ్డున సీల్ కళేబరాలను ఆశ్రయిస్తే ఆడవి ఎక్కువగా సముద్రానికి వెళ్తాయి. జాతుల మధ్య కంటే ఆడ మగల మధ్య తేడా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇన్ని తేడాలున్నాయి కనుక ఇవన్నీ పోటీ వల్లనే పుట్టాయని చెప్పవచ్చా? చెప్పలేము. గతంలో జరిగి ఉండగల పోటీని నేటి తేడాకు కారణంగా చూపడం చాలా సులభమనీ, దాన్ని నిరూపించడం చాలా కష్టమనీ అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త జోసెఫ్ కానెల్ 1980లోనే హెచ్చరించాడు. నీటికాకికి, షాగ్‌కు ఆ తేడాలు అవి కలవక ముందే ఏర్పడి ఉండవచ్చు.

కిరిటిమాటి సంగతి ఒకటి మిగిలింది. 1982లో బలమైన ఎల్ నినో వచ్చి, లోతు నుంచి పైకి వచ్చే పోషకాల నీరు తగ్గినప్పుడు, ఆ ఏడాది నవంబరు నాటికి దీవిలోని సముద్రపక్షులు దాదాపు అన్నీ గూళ్ళను, పిల్లలను వదిలి వెళ్ళిపోయాయి. దూరంలోనూ, చేప పరిమాణంలోనూ అవి ఎంత వేరుపడినా, ఆ పక్షులన్నీ సముద్రపు పైపొర మీదే బతుకుతున్నాయి. ఆ సంవత్సరం ఖాళీ అయినది ఆ పైపొరే.