లాయర్‌ని ఎప్పుడు పెట్టుకోవాలి, ఎలా ఎంచుకోవాలి (బిజినెస్ మొదలుపెట్టేవాళ్లకు కూడా)

నమస్తే అండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా, ఖాళీ షీట్ ఒకటి తెరిచి పెట్టాను. లాయర్‌ని ఎంచుకునేటప్పుడు నేను ఏం చేస్తానో ఇవాళ మీ ముందే చేసి చూపిస్తాను. చివర్లో ఒక స్టెప్ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

ముందు ఎప్పుడు అనేది, గబగబా చెప్పేస్తాను. కోర్టు నుంచి సమన్లు వచ్చాయా, ఆ రోజే వెళ్లండి, జవాబివ్వడానికి గడువుంటుంది, అది దాటితే మీరు లేకుండానే ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చేయొచ్చు. పోలీసులు విచారణకి పిలిచారా, వెంటనే. అవతలివాళ్లు లాయర్‌తో మాట్లాడిస్తున్నారా, మీకూ ఒకరు ఉండాలి. పెద్ద కాగితం మీద సంతకం పెట్టబోతున్నారా, సంతకానికి ముందు. ముందు అండి, పెట్టాక వెళ్తే లాయరైనా ఆ కాగితంలో ఉన్నదాన్ని పట్టుకునే కొట్లాడాలి.

బిజినెస్ సంగతికొస్తే, పేరు ఇంకెవరైనా తీసుకున్నారా అని చూడటం, రిజిస్ట్రేషన్ ఫారాలు నింపడం, ఇవి చాలావరకు మనమే చేసుకోవచ్చు, పన్నులకి అకౌంటెంట్ ఉంటే చాలు. లాయర్ నిజంగా కావాల్సింది మనుషుల మధ్య రాసుకునే కాగితాలకి. ఎవరి వాటా ఎంత, ఒకరు మధ్యలో వెళ్లిపోతే ఆ వాటా ఏమవుతుంది, కంపెనీ అప్పుకి మనం సొంతంగా పూచీ పడుతున్నామా, డిజైన్‌గానీ కోడ్‌గానీ చేసిన మనిషిదా కంపెనీదా. స్టార్టప్‌లలో అయితే వాటా 4 ఏళ్లలో విడతలుగా చేతికొచ్చేలా, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే ఏమీ రాకుండా రాసుకోవడం మామూలు, దాన్నే వెస్టింగ్ అంటారు. కలిసి పనిచేయడం మొదలుపెట్టే ముందే, ఇంకా అందరూ నవ్వుతూ ఉన్నప్పుడే ఇవి రాసుకోవాలి.

సరే, షీట్‌లోకి వద్దాం. ఇక్కడ పేరు, ఇక్కడ ఎవరు చెప్పారు, ఇక్కడ ఇలాంటి పని ఇంతకుముందు చేశారా, ఇక్కడ ఫీజు. ముగ్గురు చాలు. పేర్ల కోసం మీ అకౌంటెంట్‌ని అడగండి, ఇదే రకం బిజినెస్ చేస్తున్నవాళ్లని అడగండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న ఇంకొకటి ఉంది: మీకు తెలిసిన లాయర్ ఎవరైనా, ఏ కేసులు చూసేవాళ్లయినా సరే, "ఈ పని మీకే పడితే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?" అని అడగండి. విడాకుల కేసుల్లో ఎంత పేరున్న మనిషైనా వాటాల అగ్రిమెంట్‌కి సరిపోతారని లేదు కదా. పేరు దొరికాక లైసెన్స్ ఇచ్చే సంస్థ జాబితాలో ఒకసారి చూడండి, ఇదిగో, ఇలా, అయిపోయింది.

మొదటి ఫోన్‌లోనే అవతలి పార్టీ పేర్లు చెప్పేయండి. ఆ లాయర్ ఇప్పటికే వాళ్లకి పనిచేస్తుంటే మీ కథంతా విన్నాక తెలియడం ఇద్దరికీ ఇబ్బందే. కలవడానికి వెళ్లేటప్పుడు ఒక్క పేజీ పట్టుకెళ్లండి, తేదీలవారీగా ఏం జరిగిందో. నేను ఫైళ్లకి పేరు పెట్టేటప్పుడు ఏడాది, నెల, రోజు అనే వరసలో తేదీతో మొదలుపెడతాను, చూడండి, ఫోల్డర్ తెరవగానే అన్నీ వాటంతటవే వరసలోకి వచ్చేశాయి.

ఫీజు గురించి మొహమాటపడకండి. మొత్తానికి ఇంత అనా, గంటకి ఇంత అనా? గంటల లెక్కయితే చాలాచోట్ల 6 నిమిషాల చొప్పున రాస్తారు, అంటే మీరు 2 నిమిషాలు మాట్లాడినా బిల్లులో 6 పడుతుంది, అందుకే నేను ప్రశ్నలన్నీ కూడబెట్టి ఒకే మెయిల్‌లో పంపుతాను. గెలిస్తేనే ఫీజు అనే పద్ధతి అమెరికాలో నష్టపరిహారం కేసుల్లో మామూలే, భారత్‌లో అడ్వకేట్లు అలా ఒప్పుకోకూడదు. పని వాళ్లే చేస్తారా, జూనియర్లకి ఇస్తారా, అదీ అడగండి.

ఇప్పుడు అసలు స్టెప్. ఇది ఎంగేజ్‌మెంట్ లెటర్, లాయర్ పని ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం. కంట్రోల్ ఎఫ్ కొట్టి "క్లయింట్" అని వెతుకుతున్నాను. ఈ లైన్ చూడండి, క్లయింట్ అన్నచోట కంపెనీ పేరుంది. మీ పేరు లేదు.

నేనూ నా పార్ట్‌నరూ మొదలుపెట్టినప్పుడు ఒకే లాయర్‌ని పెట్టుకున్నాం, ఇద్దరం ఆయన్ని "మన లాయర్" అనే అనేవాళ్లం. రెండేళ్లకి మా మధ్య తేడాలొచ్చాయి, నా వాటా గురించి అడుగుదామని ఆయనకే ఫోన్ చేశాను. చాలా మర్యాదగా, "నేను కంపెనీ లాయర్‌నండి, ఈ విషయంలో మీకు సలహా ఇవ్వకూడదు, మీరు వేరే లాయర్‌ని చూసుకోండి" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఆ పాత లెటర్ తీసి చూస్తే మొదటి పేజీలోనే ఉంది. ఆయన చేసింది సరైన పనే. అమెరికాలో లాయర్ల సంఘం, అమెరికన్ బార్ అసోసియేషన్, లాయర్లు ఎలా నడుచుకోవాలో చెప్తూ 1983లో తెచ్చిన నమూనా నియమాల్లో 1.13 అని ఒకటుంది, సంస్థ పెట్టుకున్న లాయర్‌కి క్లయింట్ ఆ సంస్థే అని. ఇద్దరి డబ్బుతో ఫీజు కట్టినంతమాత్రాన ఆయన మీ ఇద్దరికీ లాయర్ అయిపోరు.

అందుకని సంతకానికి ముందు ఈ మెయిల్ పంపండి, నేను టైప్ చేస్తున్నాను, ఇలాగే రాసుకోండి: "ఈ పనిలో మీ క్లయింట్ ఎవరు? కంపెనీయా, నేనా, మా ఇద్దరమూనా? రేపు మాలో మాకు తేడా వస్తే మీరు ఎవరి తరఫున ఉంటారు?" క్లయింట్ కంపెనీయే అని జవాబొస్తే కంగారుపడాల్సిన పనిలేదు, కంపెనీ పని ఆయన్నే చేయనివ్వండి, మీ వాటా రాసున్న అగ్రిమెంట్ ఒక్కటి మాత్రం వేరే లాయర్‌తో ఒక గంట కూర్చుని చదివించుకోండి. మీ పార్ట్‌నర్‌కీ అదే చెప్పండి, దాచిపెట్టి చేయొద్దు.

పంపేశాను. జవాబు ఫోన్‌లో ఇస్తే, "మీరు చెప్పింది ఇదే కదా" అని ఆ రోజే తిరిగి మెయిల్‌లో రాసి పెట్టండి.