జపాన్‌లో అనపకాయల చుట్టం! అడిగితే ఐదు గింజలు కూడా ఇవ్వలేదు

హాయ్ అండీ, అందరికీ నమస్కారం. "ఏమే, వీడియో పెట్టి నెలయింది" అని మదనపల్లె నుంచి అమ్మ, అత్తమ్మ వంతులేసుకుని ఫోన్లు చేస్తున్నారు. సరే, ఈరోజు మా ఊరు త్సురుఓకాలో పక్కింటివాళ్ల పొలం చూద్దాం. ఏప్రిల్ నెలాఖరు, అయినా గస్సాన్ కొండ మీద మంచు అలాగే ఉంది చూడండి. పార్కులో సకురా (చెర్రీ) పూలు చూపిస్తానని పోయినసారి మాటిచ్చాను కదా, రెండు రోజులు వాన, గాలి, మా ఆయనకి ల్యాబ్. అంతే, పూలన్నీ రాలిపోయాయి. సారీ!

ఇది ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డు. బయట స్వెటర్ లేకుండా ఉండలేం, లోపలికొస్తే మన మే నెలే. ఇక్కడ నారు పోసేది దాదాచామామే అనే రకం ఎడమామే. ఎడమామే అంటే, సోయా చిక్కుడు కాయల్ని పచ్చిగానే కోసి ఉప్పునీళ్లలో ఉడకబెట్టి గింజలు నోట్లోకి పితుక్కోవడం. అనపకాయలు తిన్న మనకి ఇంకేం చెప్పాలి! "దాదాచా" అంటే ఇక్కడి షోనాయ్ ప్రాంతపు యాసలో నాయన. పూర్వం ఇక్కడి ప్రభువు తింటూ "ఈరోజువి ఏ నాయన ఇంటి కాయలు?" అని అడిగేవాడట, అలా ఆ పేరు వచ్చిందంటారు. పోయిన ఆగస్టులో అర కిలో 1,000 యెన్లు పెట్టి కొన్నాను, మన డబ్బుల్లో 570 రూపాయల దాకా. "తొక్కలతో కలిపా?" అని అమ్మ మూడుసార్లు అడిగింది.

గింజ దగ్గరగా చూపిస్తా, ఉండండి. ఎండుద్రాక్షలా గోధుమరంగు, ఒళ్లంతా ముడతలు. ఇదిగో, ఈ నల్లటి గీతే దీని బొడ్డు. వేరు అక్కడినుంచే దిగుతుంది కాబట్టి ట్రేలో ఒక్కో గుంటకి ఒక్కో గింజ, బొడ్డు కిందికి పెట్టాలి. నేను గబగబా పెట్టుకుంటూ పోతే పక్కింటి అవ్వ నా వెనకాలే వచ్చి ఒక్కొక్కటీ తిప్పి పెడుతోంది! నేరుగా పొలంలో చల్లితే పావురాలు వదలవట. అందుకే ఇక్కడ మొలిపించి మే నెలలో నాటుతారు.

పది గంటలకి పని ఆపి టీ, ఎర్ర టర్నిప్ ఊరగాయ. 2014లో యునెస్కో వంటల నగరమని గుర్తించిన ఊరండీ ఇది, ఊరగాయలో కారం మాత్రం చిటికెడు లేదు. నా ఆవకాయ సీసా తీశాను. అవ్వ ఒక ముక్క నాకి, రెండు కప్పుల టీ తాగింది.

ఆ నవ్వుల్లోనే అడిగాను, "బాల్కనీ కుండీలో వేసుకుంటా, ఐదు గింజలు ఇస్తారా?" అని. అవ్వ నవ్వు ఆపలేదు. "కాయలు ఎన్నైనా తిను. గింజలు ఇవ్వను" అంది.

నాకు చివుక్కుమంది, అబద్ధమెందుకు. మా అమ్మ అయితే ఎవరడిగినా దోసెడు అనపగింజలు కొంగులో పోస్తుంది. ఇక్కడ ఏ ఇంటి విత్తనం ఆ ఇంటిదేనట. మంచి మొక్కల్ని కోయకుండా ముదరనిచ్చి గింజ దాచుకుంటారు. పక్కనే శిరాయామ అనే ఊళ్లో మొరియా హత్సు అనే రైతు ఇంటావిడ వందేళ్ల కిందట ఏరి ఏరి నిలబెట్టిన రకం ఆ ఊరికి పేరు తెచ్చింది. ఈ ఇంట్లో విత్తనం అత్త దగ్గరనుంచి కోడలికి వస్తోందట. మరి అవ్వ కొడుక్కి నలభై ఐదు, పెళ్లి కాలేదు. ఆ మాట ఆవిడే అని, మళ్లీ గింజలు తిప్పడంలో పడింది. నేనూ ఏం అనలేకపోయాను.

ఫోన్లో ఇది చెప్తే "అనపగింజలు నేను పంపిస్తాలే" అంది అమ్మ. ఇక్కడికి విత్తనం రావాలంటే తెగుళ్లు లేవని క్వారంటైన్ సర్టిఫికెట్ కావాలమ్మా అంటే, "మన గింజలకేం రోగం?" అంటుంది.

సాయంత్రం ఇంటికొచ్చి గ్లవ్స్ విప్పుతుంటే మడతలో ఒక గింజ. కుండీ వైపు చూశాను, నిజమే చెప్తున్నా. తర్వాత చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్లాను. అవ్వ దాన్ని ఏప్రాన్‌కి తుడిచి, నా చేతిలోనే పెట్టి, ఖాళీగా ఉన్న గుంట చూపించింది. బొడ్డు కిందికే పెట్టాను. ఈసారి తిప్పలేదు.