పురికొస మీద బెంగళూరు: ఊరి పేరు కథని పిల్లలే తేల్చే పాఠం

తెర మీద: స్కూలు వరండా. ఆ చివరి స్తంభం నుంచి ఈ చివరి స్తంభం దాకా కట్టిన పురికొస.

వ్యాఖ్యానం:
బెంగళూరుకి ఆ పేరెలా వచ్చిందని ఆరో తరగతి పిల్లల్ని అడగండి. హొయసళ రాజు వీర బల్లాళుడు దారి తప్పాడు, ఒక అవ్వ ఉడికించిన గింజలు పెట్టింది, అందుకే ‘బెందకాళూరు’ అంటారు. చక్కటి కథ. అది తప్పని మీరు చెప్పేయకండి. పిల్లలే కొలిచి తేల్చుకోవాలి.

కావలసినవి: 13 మీటర్ల పురికొస, బట్టల క్లిప్పులు, అట్టముక్కలు, టైలర్ టేపు. ఒక సెంటీమీటరు ఒక ఏడాది. మొదలు క్రీ.శ. 750. బెంగళూరులోని హెబ్బాళలో దొరికిన కిట్టయ్య శాసనం సుమారుగా ఆ కాలానిదే.

ముందు ప్రతి 100 సెంటీమీటర్లకీ స్కెచ్ పెన్నుతో గీత పెట్టించండి. ముడులు వేయొద్దు, ముడి పడ్డ కొద్దీ తాడు పొట్టిదై లెక్క తప్పుతుంది. చిన్న స్కేలుతో కొలిచినా అంతే, జరిపిన ప్రతిసారీ కాస్త తేడా వచ్చి చివరికి జానెడు అవుతుంది.

తెర మీద: అట్టలు ఒక్కొక్కటే తాడెక్కుతాయి.

వ్యాఖ్యానం:
కెంపేగౌడ బెంగళూరులో కట్టిన కోట, 1537: 787 సెంటీమీటర్ల దగ్గర. వీర బల్లాళుడు గద్దెనెక్కిన 1173: 423 దగ్గర. ఈ రెండూ తగిలించాకే మూడో అట్ట బయటికి తీయండి. బెంగళూరులోని బేగూరు నాగేశ్వరాలయంలో ఉన్న శాసనం, సుమారు 890. అందులో ‘బెంగళూరు కాళగం’ అని ఉంది. కాళగం అంటే యుద్ధం. దాన్ని 140 దగ్గర పెట్టమనండి.

రాజు అట్టకీ దీనికీ మధ్య 283 సెంటీమీటర్లు, పిల్లల చేతులతో రెండు బారలు. ఇద్దరిని చేతులు చాపి ఆ మధ్యలో నిలబెట్టండి. రాజు పుట్టకముందే ఊరికి పేరుందని మీరు చెప్పనక్కర్లేదు. ఎవరో ఒకరు అరుస్తారు.

‘సుమారు’ ఉన్న తేదీలకి సన్న అట్ట కాకుండా 20 సెంటీమీటర్ల పొడవున్న పట్టీ తగిలించండి. లేకపోతే 890 అన్నది పరీక్షలో రాసే అంకెగా మిగిలిపోతుంది.

తెర మీద: చీకటి గది, మట్టి పలక, టార్చి.

వ్యాఖ్యానం:
ఇక రాయి చదవడం. ఈ భాగానికి పూర్తి పీరియడ్ ఇవ్వండి. ఒక్కొక్కరికీ అరకిలో బంకమట్టి, వేలు మందాన పలక. ఐస్‌క్రీమ్ పుల్లతో పేరు చెక్కి రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. ఎండలో పెడితే అంచులు ముందు ఎండి పలక పగులుతుంది. కిటికీలు మూసి టార్చి ఎదురుగా కొట్టండి: అక్షరాలు మాయం. పక్క నుంచి, పలకని దాదాపు ఆనుకునేలా పట్టండి: గాళ్లలో నీడ నిండి పేరు లేచి నిలబడుతుంది. శాసనాల్ని చూసే పద్ధతీ ఇదే.

బేగూరు వెళ్లినప్పుడు గొడుగులతో రాయికి నీడ పట్టి, ఫోన్ టార్చి పక్క నుంచి వేయండి. సుద్ద, పిండి, నూనె ఏవీ పూయనివ్వకండి. పొడి గాళ్లలో ఇరుక్కుంటుంది, బ్రష్షుతో రుద్దితే రాయి అరుగుతుంది, నూనె దుమ్ము పట్టి నల్లబడుతుంది.

ఆ శాసనం నాటికి తెలుగు, కన్నడ లిపులు విడిపోలేదు. అందుకే తెలుగు పిల్లనీ కన్నడ పిల్లవాణ్ణీ జంటగా కూర్చోబెట్టి, ఈనాటి గ, ద, న, ర పక్కపక్కన రాయించండి. తేడా తలకట్టు దగ్గరే కనిపిస్తుంది. రాయి మీద మొత్తం చదవమంటే బెదిరిపోతారు. పాత అక్షరాల పట్టిక ఇచ్చి ఒక్క ‘ర’ని వెతకమనండి చాలు.

వీరగల్లు, అంటే పోరులో చనిపోయినవారి జ్ఞాపకంగా నిలిపిన రాయి, అయితే చాలావాటిని కింది నుంచి పైకి చదవాలి: కింద పోరు, మధ్యలో వీరుణ్ణి తీసుకెళ్లే అప్సరసలు, పైన శివసన్నిధి. ‘వీరుడు’ అన్న మాట మీరు ముందే అనకండి, అంటే పిల్లలు చూడటం ఆపేస్తారు. పది నిమిషాలు కనిపించినవే రాయనివ్వండి: విల్లు, గుర్రం, పడిన మనిషి.

తెర మీద: తాడు మీద ఖాళీ అట్టలు.

వ్యాఖ్యానం:
890కీ 1537కీ మధ్య 647 సెంటీమీటర్లలో ఇంకా చాలా చోటుంది. ఖాళీ అట్టలు తగిలించండి. కర్ణాటక శాసనాల సంకలనం ‘ఎపిగ్రాఫియా కర్ణాటిక’ తొమ్మిదో సంపుటం, 1905లో వచ్చింది, బెంగళూరు జిల్లా శాసనాలది. తాలూకా వారీగా ఊళ్ల పేర్లుంటాయి. పిల్లలు తాము ఉండే పేట పేరుని అందులో వెతికి, దొరికిన ఏడాది దగ్గర తమ అట్ట తగిలించాలి.