షుగర్ పేషెంటుకి ఏడాది చెకప్: చిన్న క్లినిక్‌లో పాదం, కిడ్నీ, కన్ను ఎలా చూడాలి

నమస్కారం అండీ. గుణుపురం నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియో మనలాంటి ఫ్యామిలీ డాక్టర్ల కోసం. రాయగడ, పర్లాకిమిడి, కాశీనగర్, అటు జయపురం, ఇటు పాతపట్నం, పార్వతీపురం... ఈ చుట్టుపక్కల ప్రాక్టీసు చేసేవాళ్లందరి కోసం.

షుగర్ చూడటం మనకి కొత్త కాదు కదా. ఫాస్టింగ్ చూస్తాం, మందు రాస్తాం, నెల తర్వాత రమ్మంటాం. వస్తారు, మళ్లీ ఫాస్టింగ్ చూస్తాం, బాగుంటే అదే మందు. ఇలా ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా ఆ మనిషి పాదం ఎవరూ ముట్టుకుని ఉండరు. కంటి లోపల ఎవరూ చూసి ఉండరు. యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో తెలీదు. ఈ మూడూ మొదట్లో నొప్పి పెట్టవండీ. నొప్పి లేదు కాబట్టి పేషెంటు చెప్పడు. మనమే వెతకాలి. టైప్ 2 అయితే షుగర్ బయటపడ్డ రోజునే మొదటిసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. టైప్ 1 పెద్దవాళ్లకి ఐదేళ్ల తర్వాత మొదలుపెడతాం. సరే.

ఇదిగో ట్రే. ఇంతే సామాను. 10 గ్రాముల మోనోఫిలమెంట్, అంటే అంత ఒత్తిడికి వంగే నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, ఒక టార్చి. బీపీ మిషను ఎలాగూ ఉంటుంది. బీపీ, బరువు, లిపిడ్లు, పొగాకు సంగతి... ఇవి మీకు తెలిసినవే, నేను ఆగను. పాదం దగ్గరికి వెళ్లిపోదాం.

చెప్పులు, మేజోళ్లు రెండు కాళ్లవీ తీయించండి. రెండూ. వేళ్ల మధ్య టార్చి వేసి చూడండి. పగుళ్లు, ఆనెకాయలు, గోరు లోపలికి పెరగడం, తడి. చెప్పు తిప్పి లోపల కూడా చూడండి, మేకు ఏదైనా పొడుచుకొచ్చిందేమో. తర్వాత నాడి. పాదం పైన ఒకటి, లోపలి చీలమండ వెనక ఒకటి. దొరికిందా, రాసుకోండి. దొరకలేదా, అదీ రాసుకోండి.

ఇప్పుడు మోనోఫిలమెంట్. ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. చూడటానికి సులువు, తప్పు రావడం ఇంకా సులువు. ఈ పెద్దమ్మగారు ఒప్పుకున్నారు, ఆవిడ పాదం మీదే చూపిస్తాను. కెమెరా దగ్గరికి తీసుకురండి... ఆఁ, అక్కడే.

ముందు ఆవిడ మోచేతి మీద ఒకసారి పెట్టండి. 'అమ్మా, ఇలా ఉంటుంది, ఇంతే' అని చెప్పండి. సూది అనుకుని భయపడతారు మరి. తర్వాత కళ్లు మూయించండి. ఒడియా పేషెంటు అయితే 'ఆఖి బుజొంతు' అంటే చాలు. పోగుని చర్మానికి నిటారుగా పెట్టండి, అది ఇలా వంగేదాకా నొక్కండి. వంగిందా? అంతే, తీసేయండి. ఆనడం, వంగడం, తీయడం, మొత్తం కలిపి రెండు సెకన్లు. చర్మం మీద రుద్దకూడదు, పాముతూ లాగకూడదు. బొటనవేలి కింద, బొటనవేలి మొదట్లో ఉండే ఎముక బుడిపె కింద, చిటికెన వేలి బుడిపె కింద. ఆనెకాయ మీద పెట్టొద్దు, మడమ మీద వద్దు. కొండ పొలంలో నడిచే పాదాలండీ ఇవి, మడమ తోలు గట్టిగా ఉంటుంది. అక్కడ తెలియకపోతే నరం పోయిందనుకోకూడదు.

ఇక అసలు చిక్కు. మనం పోగు ఆనించిన ప్రతిసారీ 'తెలుస్తోందా అమ్మా?' అని అడుగుతాం. ఆవిడ ఏమంటారు? 'ఆఁ బాబూ' అంటారు. మళ్లీ అడిగితే మళ్లీ 'ఆఁ బాబూ'. డాక్టరు అడుగుతున్నాడు, కాదంటే ఏం బాగుంటుంది అన్న మర్యాద అది. అప్పుడు పరీక్ష అంతా నార్మల్ వచ్చేస్తుంది. కాబట్టి ఇలా చేయండి. ఒక్కో చోట మూడు సార్లు అడగండి. రెండు సార్లు నిజంగా ఆనించి, ఒకసారి అసలు ఆనించకుండా. ఏ వరసలో అన్నది మారుస్తూ ఉండండి. తెలిసిందంటే 'ఏ కాలు, ఎక్కడ?' అని అడగండి. చూడండి, ఇప్పుడు నేను ఆనించలేదు. 'అమ్మా, తెలిసిందా?' ...'ఆఁ బాబూ' అన్నారు. చూశారా? ఇప్పుడు నిజంగా ఆనిస్తున్నాను... ఎడమ కాలు అన్నారు, నేను పెట్టింది కుడి. మూడింట్లో రెండు సరైతే ఆ చోట స్పర్శ ఉన్నట్టు. రెండు తప్పితే పోయినట్టు. ఈవిడకి కుడి బొటనవేలి కింద పోయింది. కాళ్లు బాగానే ఉన్నాయన్నారు ఇందాక.

ఇంకొక మాట. ఒకే పోగుతో వరసగా పది మంది కంటే ఎక్కువ మందిని చూస్తే అది మెత్తబడుతుంది. 24 గంటలు దానికి విశ్రాంతి ఇవ్వాలి. రెండు కొనుక్కుని మార్చి మార్చి వాడండి. క్యాంపుకి వెళ్లి పోగు మర్చిపోతే ఇప్స్విచ్ టచ్ టెస్టు ఉంది. చూపుడువేలితో రెండు పాదాల బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు కొసలు తేలిగ్గా ఒకటి రెండు సెకన్లు ముట్టండి. ఆరింట్లో రెండు తెలియకపోతే స్పర్శ పోతున్నట్టే.

స్పర్శ పోయింది అనగానే షుగర్ వల్లే అని రాసేయకండి. ఇది మన జిల్లాల్లో చాలా ముఖ్యం. కుష్ఠు ఇంకా ఉన్న ప్రాంతం మనది. స్పర్శ లేని మచ్చ ఉందేమో ఒళ్లంతా చూడండి. మోచేతి వెనక నరం, మోకాలి కింద బయటివైపు నరం, చీలమండ వెనక నరం వేలితో తడమండి. తాడులా లావుగా, నొక్కితే నొప్పిగా తగిలితే, ఒకవైపే ఎక్కువుంటే, కుష్ఠు వైపు ఆలోచించండి. మందు గవర్నమెంటు ఆస్పత్రిలో ఉచితం. చాలా ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతుంటే బీ12 కూడా చూడండి, అదీ తిమ్మిర్లు తెస్తుంది. స్పర్శ పోయిన పాదం ఏదైనా సరే, ఎంసీఆర్ చెప్పులు రాయండి. కుష్ఠు ప్రోగ్రాంలో ఇచ్చే ఆ మెత్తటి నల్ల రబ్బరు చెప్పులే షుగర్ పాదానికీ పనికొస్తాయి.

ఒక పాదం వాచి, ఎర్రగా, చెయ్యి పెడితే వేడిగా ఉండి, పుండు లేదు, నొప్పి కూడా పెద్దగా లేదు అంటే మనవైపు బోదకాలు అని వదిలేస్తారు, లేదా యాంటీబయాటిక్ ఇచ్చేస్తారు. స్పర్శ లేని షుగర్ పాదం అలా ఉంటే అది షార్కో, అంటే నరం దెబ్బతిన్న పాదంలో ఎముకలు, కీళ్లు విరిగి కుంగిపోయే జబ్బు కావచ్చు. ఆ పాదం మీద బరువు వేయనీయకండి, అదే రోజు పెద్దాసుపత్రికి పంపండి. నల్లబడ్డ వేలు, జ్వరంతో పుండు... వీటి సంగతి చెప్పక్కర్లేదు.

కిడ్నీ. గబగబా చెప్పేస్తాను. మామూలు స్టిక్ చాలదు, కొంచెం కొంచెంగా పోయే ఆల్బుమిన్ దానికి దొరకదు. యూరిన్ ఏసీఆర్, అంటే ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి రాయండి, పొద్దున్న మొదటి యూరిన్ అయితే మంచిది. జ్వరం రోజు వద్దు, మలేరియా సీజన్లో ఇది గుర్తుపెట్టుకోండి. ఏసీఆర్ 30 దాటితే ఒక్క రిపోర్టుతో ముద్ర వేయకండి. మూడు నుంచి ఆరు నెలల్లో మూడింట్లో రెండు ఎక్కువ రావాలి. క్రియాటినిన్ నంబరు చూసి 1.2యే కదా అని వదలొద్దు, ఫోన్‌లో వయసు కొట్టి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీ ఎంత వడపోస్తోందో ఆ లెక్క తీయండి. నేను సీకేడీ-ఈపీఐ 2021 ఫార్ములా కాలిక్యులేటర్ హోం స్క్రీన్ మీదే పెట్టుకున్నాను. ఈజీఎఫ్‌ఆర్ 45 కిందకి వస్తే మెట్‌ఫార్మిన్ తగ్గించండి, 30 కిందకి వస్తే ఆపేయండి.

ఆల్బుమిన్ పోతోంది, బీపీ ఉంది అంటే బీపీ మందుల్లో టెల్మిసార్టానో రామిప్రిలో మొదలుపెట్టండి. గర్భిణులకి కాదు. రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడండి. క్రియాటినిన్ 30 శాతం దాకా పెరిగితే కంగారుపడి ఆపొద్దు. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2023లో, ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో అయిపోయాయి. చవగ్గా దొరుకుతున్నాయి, కిడ్నీని కాపాడతాయి. వాంతులు, తిండి లేని రోజుల్లో ఆపమని మాత్రం ఇంటివాళ్లకి గట్టిగా చెప్పండి. మోకాళ్ల నొప్పికి షాపులో ఏ గోళీలు కొంటున్నారో అడగండి. సంచీలోంచి తీయించి చూడండి. కిడ్నీకి మంచిది కాని డైక్లోఫెనాక్ ఉంటుంది తరచుగా.

హెచ్‌బీఏ1సీ, అదే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష, దాని గురించి ఒక్క నిమిషం. ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, సికిల్ సెల్, మన దగ్గర ఎక్కువ. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో ఎర్రకణం త్వరగా చనిపోతుంది, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రిపోర్టులో 6 అని ఉంటుంది, చేతి మీటరులో 250 ఉంటుంది. మీటరునే నమ్మండి. రెండూ కలవకపోతే సికిల్ టెస్టు రాయండి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు, కార్డు ఉంటే అడిగి చూడండి.

కన్ను మనం చూడలేం, పంపాలి. అక్షరాలు బాగా చదివారని ఆగొద్దు, రెటీనా పాడైనా చివరిదాకా చూపు బాగానే ఉంటుంది. 2022లో వచ్చిన స్మార్ట్ ఇండియా సర్వేలో 40 దాటిన షుగర్ పేషెంట్లలో 12.5 శాతానికి రెటినోపతీ, అంటే షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం ఉంది. మనకి రాయగడలో ఎల్వీ ప్రసాద్ వాళ్ల కంటి కేంద్రం ఉంది, విశాఖలో వాళ్ల పెద్ద క్యాంపస్ ఉంది. అక్కడ కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, ఎండ పడదు. బండి మీద ఒక్కరే వెళ్లొద్దని, తోడు తీసుకెళ్లమని ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు చుక్కలు వద్దని తిరిగొచ్చేస్తారు. షుగర్ బాగా ఎక్కువుండి ఇన్సులిన్‌తో గబుక్కున దించబోతున్నారా, ముందు కన్ను చూపించండి.

ఇవన్నీ ఎక్కడ రాయాలి? కంప్యూటరు, యాప్‌లు ఉన్నాయి, మంచివే. నాకు మాత్రం రబ్బరు స్టాంపు ఇష్టం. ఇదిగో, ఐదు గళ్లు: పాదం, యూరిన్, క్రియాటినిన్, కన్ను, బీపీ. పక్కన నెల, సంవత్సరం. పేషెంటు పుస్తకం మీదే కొడతాను. ఎందుకంటే మన పేషెంటు ఈ నెల పర్లాకిమిడి, వచ్చే నెల కూతురింటికని శ్రీకాకుళం. నా కంప్యూటరు ఆయనతో వెళ్లదు, పుస్తకం వెళ్తుంది. అక్కడి డాక్టరుకి ఖాళీ గడి కనబడితే ఆయన చేస్తాడు.

రిఫరల్ చీటీ కూడా అంతే. 'షుగర్, దయచేసి చూడగలరు' అని రాస్తే అవతలివాళ్లు మొదటి నుంచి మొదలెట్టాలి. షుగర్ ఎన్నేళ్లు, ఏ మందులు, ఈజీఎఫ్‌ఆర్ ఎంత, ఏ పాదంలో ఎక్కడ స్పర్శ లేదు, నాడి ఉందా, ఏ రోజు చూశాం. ఇంగ్లీషులో రాయండి, బరంపురం వెళ్లినా విశాఖ వెళ్లినా చదువుకుంటారు. కింద సగం కాగితం ఖాళీగా వదిలి 'మీరు చూసింది ఇక్కడ రాయండి' అని పెట్టండి, పేషెంటు చేతే వెనక్కి వస్తుంది. నేను వాడే చీటీ స్క్రీన్ మీద పెట్టాను, ఆపి ఫోటో తీసుకోండి. ఏ4 కాగితంలో రెండు వస్తాయి.